దాతలకు ఈమెయిళ్ళు వాటంతటవే వెళ్ళేలా పెట్టుకోవాలి – ఎక్కడ మొదలుపెట్టాలి?

బడిగంట (పార్వతీపురం) – 4 ఆగస్టు 2025

అందరికీ నమస్కారం. పార్వతీపురం చుట్టుపక్కల ఊళ్ళలో సాయంత్రం బడులు నడిపే చిన్న ట్రస్టు మాది. బడి వదిలాక పిల్లలు వచ్చి చదువుకుంటారు, ప్రతి ఊళ్ళో ఒక టీచరమ్మ ఉంటుంది. ఆమె జీతం, పుస్తకాలు, పిల్లలకు పెట్టే ఉడికించిన శనగలు అన్నీ దాతల డబ్బుతోనే. మొత్తం 1,380 మంది దాతలు ఒకే ఎక్సెల్ షీటులో ఉన్నారు. వాళ్ళలో 900 మందికి పైగా ఈమెయిల్ ఉంది. ఆఫీసు పని చూసేది నేనూ, ఇంకో అబ్బాయీ.

ఇన్నాళ్ళూ నా సొంత జీమెయిల్ నుంచి యాభైమందేసి బీసీసీలో పెట్టి పంపేదాన్ని. మొన్న ఉగాది తర్వాత ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "ఏమ్మా, మూడేళ్ళుగా పంపుతున్నాను, అందిందని ఒక్క ముక్క రాయలేకపోయారా?" అన్నారు. నేను రాశాను. మూడుసార్లు రాశాను. అన్నీ ఆయన స్పామ్‌లో పడి ఉన్నాయి. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అక్టోబరు 2 నుంచి 8 వరకు దాన్ ఉత్సవ్, దేశమంతా జరుపుకునే దానాల వారం. ఈలోపే ఒక పద్ధతి పెట్టుకోవాలని ఉంది. డబ్బు అందగానే రసీదు వెళ్ళాలి, మూడు నెలలకోసారి బడుల కబుర్లు వెళ్ళాలి, ఏడాదిగా ఇవ్వనివాళ్ళకు గుర్తుచేస్తూ ఒక ఉత్తరం వెళ్ళాలి. నెలకు వెయ్యి రూపాయలు దాటితే మా వల్ల కాదు. ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోమంటారు?

సర్వర్‌గది (హైదరాబాద్) – 4 ఆగస్టు 2025

బడిగంట గారూ, సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత. మీకు సొంత డొమైన్ ఉందా? సంస్థ పేరుతో వెబ్‌సైట్ ఉంటే ఉన్నట్టే. ఇకమీదట ఏ ఉత్తరమైనా ఆ పేరు మీదే వెళ్ళాలి, మీ సొంత జీమెయిల్ నుంచి వద్దు.

పెద్దాయనకు మీ ఉత్తరాలు ఎందుకు స్పామ్‌లో పడ్డాయో బయటినుంచి కచ్చితంగా చెప్పలేం. కానీ 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ రెండూ నిబంధనలు బిగించాయి. పంపినది నిజంగా మీరేనని రుజువు చూపాలి. దానికి డొమైన్ డీఎన్‌ఎస్ సెట్టింగుల్లో, అంటే ఆ పేరుకు సంబంధించిన వివరాలు అందరికీ కనబడేలా నమోదయ్యే చోట, మూడు పంక్తులు చేర్చాలి. ఎస్‌పీఎఫ్ అంటే మీ పేరు మీద ఉత్తరాలు పంపే హక్కు ఏయే సర్వర్లకు ఉందో చెప్పే జాబితా. డీకిమ్ అంటే ప్రతి ఉత్తరానికీ పడే ముద్ర, దారిలో ఎవరూ మార్చలేదని దాన్నిబట్టి తెలుస్తుంది. ఈ రెండూ సరిపోలకపోతే ఉత్తరాన్ని ఏం చేయాలో చెప్పేది డీమార్క్. మొదట్లో డీమార్క్‌ను 'నన్' (ఏమీ చేయొద్దు) మీద ఉంచి, నివేదికలు నెలరోజులు చూసి, ఆ తర్వాత 'క్వారంటైన్' (స్పామ్‌లో పెట్టండి)కు మార్చండి.

ఒక్క హెచ్చరిక. డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ పంక్తి ఒక్కటే ఉండాలి. కొత్త సర్వీసు చేరినప్పుడల్లా కొత్త పంక్తి పెడుతూ పోతే రెండూ చెల్లకుండా పోతాయి. ఉన్నదాంట్లోనే కలపాలి. నా దగ్గరికి వచ్చే సంస్థల్లో ఎక్కువమంది చేసే తప్పు ఇదే.

ఇక లెక్కలు. మామూలు జీమెయిల్‌కు రోజుకు 500 మంది హద్దు. గూగుల్ ఫర్ నాన్‌ప్రాఫిట్స్‌లో నమోదు చేసుకుంటే వర్క్‌స్పేస్, అంటే సంస్థలకిచ్చే జీమెయిల్, షీట్ల సర్వీసు, ఉచితంగా ఇస్తారు. మీ జాబితాను అందులోని గూగుల్ షీటులోకి మార్చి, దానికి చిన్న స్క్రిప్టు (దానంతటదే నడిచే ఆదేశాల వరుస) తగిలిస్తే కొత్త వరుస చేరగానే రసీదు దానంతటదే వెళ్తుంది. ఆ స్క్రిప్టుకు వర్క్‌స్పేస్‌లో రోజుకు 1,500 మంది వరకు వెసులుబాటు ఉంది, మామూలు ఖాతాలో 100 మందే. రసీదులకు మీకు ఇది చాలు. స్క్రిప్టు నేను రాసిస్తాను, డబ్బేమీ వద్దు.

పద్దులపుస్తకం (గుంటూరు) – 5 ఆగస్టు 2025

అమ్మా, నేను నాలుగు ట్రస్టుల లెక్కలు చూస్తాను. మీరు కోరిన మూడింటిలో ముందు రసీదు ఒక్కటే పెట్టుకోండి. అది నిలకడగా నడిచాకే కబుర్లు. 'మళ్ళీ ఇవ్వండి' అనే ఉత్తరం అన్నిటికంటే చివర.

ఎందుకంటారా? ఇచ్చిన మనిషికి మనం బాకీ ఉన్నది అదే. మీకు 80జీ (దాతకు పన్ను మినహాయింపు వచ్చేలా సంస్థకు ఇచ్చే గుర్తింపు) ఉంటే ఏటా మే 31లోపు ఫారం 10బీడీ దాఖలు చేయాలి. ఎవరు ఎంత ఇచ్చారో, వాళ్ళ పాన్‌తో సహా. అదే తేదీలోపు దాతకు 10బీఈ సర్టిఫికెట్ అందాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. సర్టిఫికెట్ లేకపోతే దాత రిటర్నులో మినహాయింపు చూపించుకోవడం కష్టం. మామూలుగా రిటర్నుల గడువు జూలై 31, ఈ ఏడాది సెప్టెంబరు 15 దాకా పొడిగించారు. ఈ పొడిగింపు నమ్ముకుని మనం నిద్రపోకూడదు.

అందుకే మొదటి రసీదు మెయిల్‌లోనే పాన్ కోసం ఒక ఫారం లింకు పెట్టండి. మార్చిలో అందరి వెంటా పడే బాధ తప్పుతుంది. పాన్‌ను మెయిల్‌లో జవాబుగా రాసి పంపమని మాత్రం అడగొద్దు.

ఇంకో మాట. మార్చి నెలలో "పన్ను ఆదా చేసుకోండి" అని అందరికీ ఒకేలా పంపుతుంటారు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు 80జీ మినహాయింపు లేదు. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చినవాళ్ళకూ లేదు. తెలియక ఇచ్చి తర్వాత తెలుసుకున్న దాత మనల్ని నమ్మడు.

ఇప్పుడు నా తప్పొకటి చెబుతాను, మీరు చేయకుండా ఉండటానికి. మూడేళ్ళ కిందట ఒక ట్రస్టు తరఫున 10బీఈలు నేనే మెయిల్‌లో పంపాను. షీటులో పేర్ల వరుస ఒక్కటే ఎంచుకుని అక్షరక్రమంలో పేర్చాను. పక్కనున్న ఈమెయిళ్ళు కదల్లేదు. 46 మందికి వేరేవాళ్ళ సర్టిఫికెట్లు వెళ్ళాయి. పేరు, చిరునామా, పాన్, ఎంతిచ్చారో అన్నీ అందులో ఉంటాయి. ఒక దాత తన అన్నగారికి కూడా చెప్పకుండా ఇచ్చిన మొత్తం ఊళ్ళో ఇంకొకరికి తెలిసిపోయింది. రెండు రోజులు కూర్చుని 46 మందికీ ఫోన్ చేసి క్షమాపణ అడిగాను. అప్పటినుంచి ప్రతి దాతకూ ఒక నంబరు ఇస్తున్నాను, పీడీఎఫ్ పేరులోనూ అదే నంబరు. వరుసను బట్టి పంపే పద్ధతి మానేశాం, నంబరు కలిస్తేనే మెయిల్ కదులుతుంది. ముందు మా సొంత మెయిళ్ళు మూడింటికి, తర్వాత పదిమందికి, ఆ తర్వాతే మిగతావాళ్ళకు.

బడిగంట – 5 ఆగస్టు 2025

బాబాయిగారూ, 46 మందికి ఫోన్ చేశానన్నది చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. దాత నంబర్లు ఈ రాత్రే మొదలుపెడతాను. సర్వర్‌గది గారూ, డొమైన్ ఉంది. కానీ దాని పాస్‌వర్డు ఎప్పుడో సైటు చేసిపెట్టిన కుర్రాడి దగ్గర ఉంది, అతని నంబరు పనిచేయడం లేదు.

సర్వర్‌గది – 5 ఆగస్టు 2025

డొమైన్ ఎవరి పేరు మీద నమోదైందో చూడండి. ట్రస్టు పేరు మీద ఉంటే రిజిస్ట్రేషన్ పత్రాలు, పాన్ చూపించి డొమైన్ అమ్మిన కంపెనీనే అడిగి తెచ్చుకోవచ్చు. ఆలస్యం చేయకండి, రెన్యువల్ తేదీ దాటితే పేరే పోయే ప్రమాదం ఉంది.

గోదారిగట్టు (రాజమహేంద్రవరం) – 7 ఆగస్టు 2025

మేం వృద్ధాశ్రమం నడుపుతాం. మా దాతల్లో ఎక్కువమంది అమ్మానాన్నల ఆబ్దికం రోజున ఒక పూట భోజనం పెట్టిస్తారు. ఏటా వాళ్ళకు గుర్తుచేయాలి. కిందటేడు ఒక మెయిలింగ్ సర్వీసులో 'వార్షిక తేదీ' అనే సదుపాయం చూసి సంతోషంగా అన్నీ ఎక్కించాం. తీరా చూస్తే తప్పంతా అక్కడే ఉంది. అది ఇంగ్లీషు తేదీ చూస్తుంది, మనవాళ్ళు తిథి చూస్తారు.

తిథి ఒక ఏడాది పదకొండు రోజులు వెనక్కి వస్తుంది. మధ్యలో అధికమాసం పడితే పంతొమ్మిది రోజులు ముందుకు పోతుంది. ఒకామె ఫోన్ చేసి "నాన్న తద్దినం పెట్టేసి వారమైంది, ఇప్పుడా గుర్తుచేయడం?" అంది. కోపంగా కాదు, బాధగా.

ఇప్పుడేం చేస్తున్నామంటే, షీటులో మాసం, పక్షం, తిథి వేర్వేరు కాలమ్‌లు. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే మా పురోహితుడు గారూ నేనూ రెండు సాయంత్రాలు కూర్చుని ఆ ఏటి తేదీలు పక్కన రాస్తాం. మెయిల్ మాత్రం ఆ తేదీకి పదిహేను రోజుల ముందు దానంతటదే వెళ్తుంది. వచ్చే ఏడాది మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. జ్యేష్ఠంలో తిథి ఉన్నవాళ్ళను ఏ నెలలో చేస్తారో ముందే ఫోన్‌లో అడగాలి, ఇంటింటికీ ఆచారం మారుతుంది.

డాలస్‌తెలుగు – 7 ఆగస్టు 2025

గోదారిగట్టు గారూ, అమెరికాలో ఉన్నవాళ్ళకు తిథి ఒక రోజు ముందు పడవచ్చు, అదీ చూసుకోండి.

బడిగంట గారికి: మీ జాబితాలో విదేశాల్లో ఉన్నవాళ్ళు ఉంటారు కదా. వాళ్ళను విడిగా పెట్టండి, అదీ దేశాన్ని బట్టి కాదు, పౌరసత్వాన్ని బట్టి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కింద రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే, ఇస్తే అది విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. నా స్నేహితుల్లో చాలామందికి ఈ తేడా తెలియదు, మంచి మనసుతో నేరుగా యూపీఐ, బ్యాంకు వివరాలు అడుగుతారు. మీ మెయిల్ యంత్రం ఇద్దరికీ ఒకే ఖాతా నంబరు పంపిందంటే చిక్కుల్లో పడేది మీరే.

కాలం కూడా వేరు. ఇక్కడి పన్ను ఏడాది డిసెంబరుతో ముగుస్తుంది, అక్కడ మార్చితో. ఇక్కడ నమోదైన సంస్థ ద్వారా ఇచ్చినవాళ్ళకు 250 డాలర్లు, ఆపైన అయితే రాతపూర్వక రసీదు కావాలి. చాలా కంపెనీలు ఉద్యోగి ఇచ్చినదానికి సమానంగా తామూ ఇస్తాయి. ఆ ఒక్క వాక్యం ధన్యవాదాల ఉత్తరం కింద ఉంటే చాలు.

పద్దులపుస్తకం – 8 ఆగస్టు 2025

డాలస్ గారు చెప్పింది అక్షరాలా నిజం. 2020 సవరణ తర్వాత విదేశీ విరాళం ఏదైనా మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాలోకే రావాలి. బడిగంట గారికి ఆ రిజిస్ట్రేషన్ లేకపోతే విదేశీ పౌరులకు విరాళం అడిగే మెయిల్ అసలు వెళ్ళకూడదు. కబుర్ల ఉత్తరం పంపవచ్చు, కానీ కింద ఉండే 'విరాళం ఇవ్వండి' బటన్ తీసేసి. షీటులో 'పౌరసత్వం' కాలమ్ ఖాళీగా ఉన్నవాళ్ళను కూడా విదేశీయుల కిందే లెక్కపెట్టి పక్కనుంచండి, అడిగి తెలుసుకునేదాకా.

ప్రచారపని (విజయవాడ) – 10 ఆగస్టు 2025

స్వచ్ఛంద సంస్థల ప్రచారం నా వృత్తి. రసీదు ముందు అన్నమాట ఒప్పుకుంటాను కానీ అక్కడే ఆగిపోతే సంస్థ నడవదు. కొత్త దాతకు ఒక వరుస పెట్టండి. మొదటి రోజు ధన్యవాదాలు, వారానికి ఆ డబ్బు ఏ ఊరి బడికి వెళ్ళిందో, మూడు వారాలకు ఒక టీచరమ్మ మాట, రెండో నెలలో మళ్ళీ అడగడం. ఏడాదిగా ఇవ్వనివాళ్ళకు వారం తేడాతో మూడు మెయిళ్ళు. చివరిదానికి 'ఇదే ఆఖరి అవకాశం, బడి మూతపడుతుంది' లాంటి శీర్షిక పెడితే తెరిచేవాళ్ళు పెరుగుతారు.

విశ్రాంతమాస్టారు (తెనాలి) – 10 ఆగస్టు 2025

నాయనా, నేను ఇచ్చేవాళ్ళ వైపు మనిషిని. పింఛనులోంచి మూడు సంస్థలకు పంపుతుంటాను. బడి మూతపడుతుందని రాస్తే నాకు రాత్రి నిద్రపట్టదు. వచ్చే నెల అదే బడి నిక్షేపంగా నడుస్తున్నదని ఇంకో ఉత్తరం వస్తే ఏమనుకోవాలి? మూతపడబోతే నిజంగా చెప్పండి, ఇల్లు తాకట్టు పెట్టి అయినా పంపేవాళ్ళున్నారు. కాకపోతే ఆ మాట రాయకండి.

ఇంకొకటి. మా ఆవిడ పోయి రెండేళ్ళు. ఆమె పేరు మీద నెలనెలా ఒక అనాథ పిల్లల సంస్థకు వెళ్ళేది. ఆమె పోయిందని వాళ్ళకు ఉత్తరం రాశాను, మన్నించమని జవాబూ వచ్చింది. ఆ మరుసటి ఏడు ఆమె పుట్టినరోజు నాడు "మీరు నిండు నూరేళ్ళు వర్ధిల్లాలి" అని బొమ్మలతో మెయిల్ వచ్చింది, ఆమె పేరు మీదే. ఫోన్ చేతిలో పట్టుకుని వరండాలో కూర్చుండిపోయాను. వాళ్ళ తప్పని అనను. ఒకచోట రాసుకున్నది ఇంకోచోటికి చేరలేదంతే. మీరు పెట్టుకునే యంత్రంలో ఈ ఒక్కటి మాత్రం చూసుకోండమ్మా.

ప్రచారపని – 11 ఆగస్టు 2025

మాస్టారూ, మన్నించండి. ఆఖరి అవకాశం అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా వరుస మాత్రం మంచిదేనని ఇప్పటికీ అంటాను, ఎందుకంటే రెండో ఉత్తరంలో అడగడం ఉండదు, చెప్పడమే ఉంటుంది. మూడుసార్లకు జవాబు రాకపోతే ఆపేయాలి. ఆ పేరును మనిషి ఫోన్ చేయాల్సిన జాబితాలోకి మార్చాలి.

సర్వర్‌గది – 11 ఆగస్టు 2025

మాస్టారు చెప్పిన దానికి ఉపాయం ఉంది. దాతల జాబితా ఒక్కచోటే ఉండాలి. రసీదులకొకటి, కబుర్లకొకటి, పుట్టినరోజులకొకటి అని మూడు షీట్లు ఉంటే ఎప్పటికైనా ఈ బాధ తప్పదు. 'స్థితి' అని ఒక కాలమ్ పెట్టి, అందులో 'స్వర్గస్థులు' అని రాయగానే అన్ని మెయిళ్ళూ ఆగేలా స్క్రిప్టులో మొట్టమొదటి తనిఖీ అదే పెడతాను. 'మెయిళ్ళు వద్దన్నారు' కూడా అదే కాలమ్‌లో. 2023 డేటా పరిరక్షణ చట్టం ప్రకారం కూడా, సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడం అంతే సులువుగా ఉండాలి.

మూడు నెలల కబుర్లకు లిస్ట్‌మంక్ చూడండి, జాబితాలో అందరికీ ఒకేసారి మెయిళ్ళు పంపేది. ఉచిత సాఫ్ట్‌వేర్, మన దేశపు ప్రోగ్రామరు కైలాష్ నాధ్ తయారుచేసింది. దాన్ని అమెజాన్ ఎస్‌ఈఎస్‌కు (మెయిళ్ళు చేరవేసే అమెజాన్ సర్వీసు) కలిపితే వెయ్యి మెయిళ్ళకు పది సెంట్లు, అంటే పది రూపాయలు దాటదు. చిన్న సర్వర్ అద్దె వేరే. ఎస్‌ఈఎస్ మొదట్లో రోజుకు 200 మెయిళ్ళే, అవీ ముందుగా ధ్రువీకరించిన చిరునామాలకే పంపనిస్తుంది. పూర్తి అనుమతి కోసం జాబితా ఎలా సేకరించారో రాసి అడగాలి. ఉన్నదున్నట్టు రాయండి. 5 శాతం మెయిళ్ళు తిరిగొస్తే ఖాతాను పరిశీలనలో పెడతారు. కాబట్టి మీ జాబితా మొత్తానికీ మొదటి రోజే పంపొద్దు. ఈ ఏడాది ఇచ్చినవాళ్ళతో మొదలుపెట్టి వెనక్కి వెళ్ళండి.

తెలుగులో పంపుతారు కాబట్టి మూడు సంగతులు. షీటును మామూలు సీఎస్‌వీగా (వేరే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడానికి వాడే సాదా ఫైలు) దాస్తే తెలుగు అంతా ప్రశ్నార్థకాలైపోతుంది, 'యూటీఎఫ్-8' అన్నది ఎంచుకోవాలి. రెండోది, తెలుగులో ఒక్కో కోడుకు మూడు బైట్లు. 102 కిలోబైట్లు దాటితే జీమెయిల్ ఉత్తరాన్ని మధ్యలో కత్తిరిస్తుంది, మెయిళ్ళు వద్దనుకునేవాళ్ళకు ఇచ్చిన లింకు అడుగున ఉండిపోయి కనబడదు. కనబడకపోతే మనిషి 'స్పామ్' నొక్కుతాడు. స్పామ్ ఫిర్యాదులు వెయ్యికి ఒకటి లోపే ఉండాలని గూగుల్ అంటోంది, మూడుకు చేరితే కష్టమే.

మూడోది పేర్లు. ఇలాంటి సర్వీసులు చాలావరకు మొదటి మాటనే పేరు అనుకుంటాయి. మనకు ముందొచ్చేది ఇంటిపేరు అక్షరం. 'ప్రియమైన కె' అని వెళ్తుంది. 'పిలుపు' అని ఒక కాలమ్ పెట్టి చేత్తో నింపండి.

బడిగంట – 16 అక్టోబరు 2025

ఆలస్యానికి క్షమించండి. ఏం జరిగిందో వరసగా చెబుతాను.

డొమైన్ చేతికి రావడానికి మూడు వారాలు పట్టింది. దాతల నంబర్లు, పిలుపులు నింపడానికి నేనూ, మా అబ్బాయీ, ఇద్దరు టీచరమ్మలూ కలిసి ఇరవై రోజులు. ఒక్కో పేరు దగ్గర ఆగి, ఈయన్ని ఏమని పిలుస్తాం, మాస్టారా, డాక్టరు గారా, అక్కా అని అడుగుతూ నింపాం. అందులోనే తొమ్మిదిమంది ఇక లేరని తెలిసింది. ఆ ఇళ్ళకు మెయిల్ కాదు, నేనే కార్డు రాసి పోస్టులో పంపాను.

రసీదులు సెప్టెంబరు 8 నుంచి వాటంతటవే వెళ్తున్నాయి. పౌరసత్వం తెలియనివాళ్ళు 112 మంది, వాళ్ళను పక్కనుంచాం. దాన్ ఉత్సవ్‌కు అడుగుతూ ఏమీ పంపలేదు. ఈ ఏడాది ఇచ్చిన 240 మందికి కబుర్లు మాత్రమే పంపాను. ఏడు తిరిగొచ్చాయి. 31 మంది జవాబు రాశారు. నాకు ఇదివరకు రెండుకు మించి జవాబులు ఎప్పుడూ రాలేదు. ఎంతమంది తెరిచారన్న అంకె కూడా చూపిస్తోంది, దాన్ని నమ్మవచ్చా?

సర్వర్‌గది – 16 అక్టోబరు 2025

నమ్మొద్దు. 2021 నుంచి ఆపిల్ మెయిల్‌లో గోప్యత కాపాడే ఒక సదుపాయం ఉంది, అది పెట్టుకున్నవాళ్ళకు మనిషి తెరవకపోయినా తెరిచినట్టు చూపిస్తుంది. మీ 31 జవాబులే అసలు లెక్క.

గోదారిగట్టు – 17 అక్టోబరు 2025

31 జవాబులా! ఆ కబుర్ల ఉత్తరం, రసీదుతో వెళ్ళే మాటలు ఇక్కడ పెట్టగలరా తల్లీ?

బడిగంట – 17 అక్టోబరు 2025

రసీదుతో వెళ్ళేది ఇది. 'పిలుపు', మొత్తం, ఊరు, ఆ ఊరి సంగతి యంత్రం నింపుతుంది. ఊరి సంగతి మాత్రం ప్రతి నెలా ఆ టీచరమ్మ ఫోన్‌లో చెబితే నేను రాసి పెడతాను. పాతది నెల దాటితే మెయిల్ వెళ్ళకుండా ఆగి, నాకు కబురు వచ్చేలా సర్వర్‌గది గారు పెట్టిచ్చారు.

"మాస్టారు గారికి నమస్కారం. మీరు పంపిన 1,500 రూపాయలు ఈ ఉదయం అందాయి. రసీదు ఇందులో జతచేశాం. ఈ డబ్బు కొండ కింద ఊరి బడికి వెళ్తుంది. అక్కడ ఈ నెల వానలకు కప్పు కారి నల్లబల్ల తడిసిపోతే, పిల్లలు పలకలు తెచ్చుకుని వరండాలో లెక్కలు చేశారు. పదమూడో ఎక్కం దగ్గర ఉన్నారు. 80జీ సర్టిఫికెట్ మే నెలలో మీకు పంపుతాం, దానికి పాన్ కావాలి, కింది లింకులో ఇవ్వండి. ఈ మెయిల్‌కు జవాబు రాస్తే నేనే చదువుతాను."

పిల్లల పేర్లు, ఫొటోలు పెట్టడం లేదు. తల్లిదండ్రులను అడిగి, వాళ్ళు సరేనన్నప్పుడే ఆలోచిస్తాం.

గోదారిగట్టు – 17 అక్టోబరు 2025

మేమూ ఇలాగే రాసుకుంటాం, అభ్యంతరం లేకపోతే.

బడిగంట – 18 అక్టోబరు 2025

తప్పకుండా వాడుకోండి. చివరి వాక్యం ఉంచితే మాత్రం జవాబులు చదవడానికి రోజూ ఒక గంట పక్కన పెట్టుకోండి. నిన్న నాకు పద్నాలుగు వచ్చాయి. అందులో ఒకటి ఉగాదికి ఫోన్ చేసిన పెద్దాయనది, పదమూడో ఎక్కం అయిపోయిందా అని అడిగారు. టీచరమ్మకు ఫోన్ చేసి కనుక్కుని ఈ సాయంత్రం ఆయనకు రాయాలి.